తాతగారు ఏ పటాలంలో పనిచేశారు?

జర్మనీలో పెద్దవాళ్ళు పోయాక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, అటక మీదనుంచి తరచు ఒక రేకు డబ్బా కిందికి దిగుతుంది. అందులో నల్లబడిన పతకం ఒకటి, యూనిఫారం వేసుకుని బిగుసుకుపోయి నిలబడ్డ కుర్రవాడి ఫొటో ఒకటి, తాడుతో కట్టిన నాలుగు పోస్టుకార్డులు, అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం ఉంటాయి. కొన్ని ఇళ్ళలో వీటితోపాటు కుటుంబ బైబిలు కూడా ఉంటుంది. దాని చివరి ఖాళీ పేజీల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసి ఉంటాయి. రాసినవాడు సొంత ముత్తాత, రాసిన భాష ఇంట్లో మాట్లాడే జర్మనే. అయినా మునిమనుమడు దానిలో ఒక్క వరుస కూడా చదవలేడు.

ఇది మనకు మరీ వింతగా తోచనక్కరలేదు. మన గ్రామ కరణాలు కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరానికి తగిలించి రాసిన గొలుసుకట్టు రాత ఎందరికి తెలుసు? 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు రద్దయ్యాక ఆ రాత నేర్చుకోవలసిన అవసరమూ పోయింది. భూమి తగాదా వచ్చి పాత కాగితం తీస్తే, అది తెలుగేనని చెప్పగలం గాని తెలుగులా చదవలేం.

మరి మునిమనుమడు ఆ డబ్బా మూసేసి, మిలిటరీ ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి తన ముత్తాత సంగతి కనుక్కోవచ్చు కదా? ముత్తాత ప్రష్యా సైనికుడైతే చాలావరకు కుదరదు. ప్రష్యా సైన్యపు కాగితాలన్నీ బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లోని సైనిక భాండాగారంలో ఉండేవి. 1945 ఏప్రిల్ 14 రాత్రి బ్రిటిష్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. అక్కడ దాచిన కాగితాల్లో అత్యధికభాగం కాలిపోయింది. ఏ కంపెనీలో ఎవరు ఎప్పుడు చేరారు, ఎక్కడ గాయపడ్డారు, ఎప్పుడు విడుదలయ్యారు అని వరుసగా రాసి ఉంచిన పట్టీలు కూడా వాటితోనే పోయాయి. యుద్ధం ముగియడానికి అప్పటికి నాలుగు వారాలు కూడా లేదు!

అంటే ప్రభుత్వం దగ్గర ఉండవలసిన అసలు పోయింది, సైనికుడి చేతికిచ్చి పంపిన నకలు మిగిలింది. అటక మీది డబ్బాలో ఉన్నది ఇప్పుడు నకలు కాదు, అదే అసలు. దాన్ని తప్పుగా చదివితే సరిదిద్దడానికి చాలాసార్లు మరో కాగితం లేదు. అందుకే దీన్ని ఎలా చదవాలన్నది కాస్త ఓపిగ్గా చూద్దాం.

రంపపు పళ్ళ రాత

ఈ చేతిరాత పేరు కురెంట్. పరిగెత్తేది అని అర్థం వచ్చే లాటిన్ మాటనుంచి పుట్టింది. 16వ శతాబ్దంనుంచి 20వ శతాబ్దం మధ్యవరకు జర్మన్ మాట్లాడే దేశాల్లో బడిపిల్లలూ, పాదిరీలూ, గుమాస్తాలూ అందరూ రాసింది దీన్నే. మనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరాలకు దీనికి దగ్గర చుట్టరికమే ఉంది. చిక్కు వచ్చేది ఆ చుట్టరికంవల్లనే. కొత్త అక్షరమైతే తెలియదని ఒప్పుకుని నేర్చుకుంటాం. తెలిసినట్టు కనిపించే అక్షరమే మోసం చేస్తుంది.

చిన్న 'ఇ' సంగతి చూడండి. అది మనకు అలవాటైన గుండ్రటి 'ఇ' కాదు, పక్కపక్కన నిలబెట్టిన రెండు పొట్టి గీతలు. 'ఎన్' కూడా రెండు గీతలే, కాకపోతే కాస్త ఎడంగా ఉంటాయి. 'యు' కూడా రెండే. అది 'ఎన్' కాదని చెప్పడానికి దాని నెత్తిన ఒక చిన్న వంపు గీత పెట్టేవారు. 'ఎమ్' అయితే మూడు గీతలు. ఈ నాలుగూ కలిసిన మాటను తొందరగా రాస్తే కాగితం మీద మిగిలేది రంపపు పళ్ళ వరుసే. 'ఎస్' రెండు రకాలు. మాట చివర పొట్టిది, మధ్యలో పొడుగుది. ఆ పొడుగు 'ఎస్' కొత్తవాడికి 'ఎఫ్'లా కనిపిస్తుంది. 'హెచ్'కు పైకొక చుట్టు, కిందికొక చుట్టు. 'ఎన్' మీదా, 'ఎమ్' మీదా అడ్డంగా గీత ఉంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

సైనిక సేవ వెతికేవాడికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. పరభాషా పదాలను, మనుషుల పేర్లను జర్మన్లు తరచు కురెంట్‌లో కాక లాటిన్ అక్షరాల్లో, అంటే మనం చదవగలిగిన రాతలో రాసేవారు. సైన్యం మాటల్లో చాలావాటికి మూలం ఫ్రెంచి. రెజిమెంటు, బెటాలియను, కంపెనీ, ఆర్టిలరీ, గ్రెనేడియర్ ఈ కోవలోవే. కాబట్టి పేజీ అంతా రంపపు పళ్ళుగా ఉన్నా మధ్యలో 'రెజిమెంట్' అన్న మాట శుభ్రంగా తేలుతుంది. మన భాషలోనూ యుద్ధం మాటలు చాలావరకు వలస వచ్చినవే కదా! సిపాయి, జమాదారు, సుబేదారు పారసీకంనుంచి వచ్చాయి, తుపాకీ తురుష్కుల మాట, పటాలం బెటాలియనుకు మన నోట్లో పట్టిన రూపం.

కురెంట్‌ను కాస్త గుండ్రంగా, పిల్లలకు సులభంగా ఉండేట్టు దిద్దినవాడు లూడ్విగ్ సూటర్లిన్ అనే బెర్లిన్ చిత్రకారుడు. 1915నుంచి ప్రష్యా బడుల్లో ఆయన రాతే నేర్పడం మొదలుపెట్టారు. 1941లో దానికి హఠాత్తుగా కాలం చెల్లింది. జర్మన్ జాతి గొప్పతనానికి జర్మన్ అక్షరమే గుర్తని ఊదరగొట్టిన నాజీ ప్రభుత్వమే, పాత గోతిక్ అచ్చక్షరాలు యూదులు తెచ్చిపెట్టినవని ఒక అబద్ధపు కారణం చెప్పి వాటిని తొలగించింది. అదే ఏడాది చేతిరాతను కూడా బడులనుంచి తీసేసింది. అప్పటికి ఆ రాత దిద్దుకున్న ఆఖరి తరగతి పిల్లలు ఇప్పుడు తొంభై దాటారు. ఇంట్లో అమ్మమ్మను అడిగి చదివించుకునే రోజులు అయిపోవచ్చాయన్నమాట.

పొట్టి మాటలు, పెద్ద తేడాలు

రాత పట్టుబడ్డాక రెండో కోట సంక్షిప్తాలు. మన పెళ్ళి శుభలేఖ ఒక జర్మన్ చేతిలో పెట్టి, చి.ల.సౌ. అంటే ఏమిటో, పక్కనే కీ.శే. అని ఎందుకు ఉందో కనుక్కోమనండి. నిఘంటువు పనికిరాదు. ఆ వాడుక తెలిసినవాడే చెప్పాలి. సైనికుల కాగితాలదీ అదే పరిస్థితి.

'గెఫ్.' అన్న సంక్షిప్తం ఉంది. గెఫాలెన్ అంటే యుద్ధంలో నేలకొరిగినవాడు. గెఫాంగెన్ అంటే శత్రువుకు పట్టుబడినవాడు. పూర్తిగా రాస్తే వీటిని కలగాపులగం చేయడం కష్టం. మొదటిదాని నడుమ రెండు కాడలు పైకి లేస్తాయి, రెండోదాని నడుమ ఒక తోక కిందికి దిగుతుంది. కాని చోటు చాలక, ఓపిక చాలక 'గెఫ్.' అని చుక్క పెట్టేసిన చోట చావూ, ఖైదూ ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. పక్కన ఇంకొక అక్షరం చేరి 'గెఫ్ర్.' అయితే అది గెఫ్రైటర్. ఏమీ కాలేదు, ప్రమోషన్ వచ్చింది! మామూలు సిపాయికి ఒక మెట్టు పైన ఉండే హోదా అది.

అంకెల్లో కూడా ఇలాంటి తిరకాసులున్నాయి. '7బెర్' అని ఉంటే ఏడో నెల అనుకుంటాం. కాదు, అది సెప్టెంబరు. లాటిన్‌లో సెప్టెం అంటే ఏడు కదా. అలాగే 8బెర్ అక్టోబరు, 9బెర్ నవంబరు. ఇక రోమన్ అంకె వేస్తే బెటాలియను, మామూలు అంకె వేస్తే కంపెనీ అని సైన్యంలో వాడుక.

మాటలు పూర్తిగా రాసి ఉన్నా అర్థం జారిపోతుంది. 'ట్రెయిన్ సోల్డాట్' అని చూసి ముత్తాత మిలిటరీ రైళ్ళలో పనిచేశాడని చెప్పుకునే కుటుంబాలు ఉండవచ్చు. ఇక్కడ ట్రెయిన్ అంటే రైలు కాదు, సైన్యం వెనక తిండి గింజలూ, మందుగుండూ మోసే గుర్రపు బండ్ల బారు. 'గెమైనర్' అంటే నీచుడు కాదు, ఏ హోదా లేని సాదా సిపాయి. 'ఇన్వాలీడె' అని చావు నమోదులో ఉంటే కాలో చెయ్యో పోయిందని అనుకోనక్కరలేదు. సేవకు పనికిరాడని పింఛనిచ్చి పంపిన పాత సిపాయిలందరికీ ఆ మాట తగిలించేవారు. అన్నిటికన్నా ఇంటి గౌరవాన్ని దెబ్బతీసేది 'ఆఫిసీర్స్‌బుర్షె'. ముత్తాత ఆఫీసరని మూడు తరాలు చెప్పుకుంటారు. కాగితం మీద ఆఫీసరు మాట నిజంగానే ఉంటుంది. దాని వెనక ఉన్న బుర్షెకు అర్థం ఆ ఆఫీసరుగారి బూట్లు తుడిచే కుర్రవాడని. నా మట్టుకు నాకు ఆ కుర్రవాడి కథే ఎక్కువ తెలుసుకోవాలనిపిస్తుంది.

నాలుగు వరుసల నమూనా

ఇప్పుడు ఒక నమూనా తయారు చేసుకుని పని చేద్దాం. ఇది ఏ ఇంటిదీ కాదు. అలాంటి ఇళ్ళ బైబిళ్ళలో కనిపించే వాడుకలతో మనం అల్లుకున్నది.

మొదటి వరుస: ఐన్‌గెట్ర్. 6. 9బెర్ 1867, 7. కొంప్., 8. బ్రాండ్బ్. ఇన్ఫ్. ర్గ్ట్. 64.
రెండో వరుస: 16. ఆగ్. 70 గెఫ్.
మూడో వరుస: 71 ఎంట్ల్. త్స్. రెస్.
నాలుగో వరుస: క్రీగ్స్‌డ్. 70/71.

మొదటి వరుసతో మొదలుపెడదాం. ఐన్‌గెట్ర్. అంటే చేరాడు. 9బెర్ కాబట్టి 1867 నవంబరు 6. ఏడో కంపెనీ. తర్వాత రెజిమెంటుకు రెండు అంకెలు కనిపిస్తున్నాయి, 8, 64. ఇందులో ఒకటి తప్పుగా చదివామా? లేదు. ప్రష్యా రెజిమెంటుకు సైన్యం మొత్తంలో ఒక నంబరు, తన సొంత రాష్ట్రంలో ఇంకో నంబరు ఉండేవి. బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో ఎనిమిదోది, ప్రష్యా వరుసలో 64వది ఈ రెజిమెంటు. బెర్లిన్‌కు ఉత్తరాన ప్రెంత్స్‌లౌ అనే ఊరు దాని మకాం. ముత్తాత పుట్టిన ఊరు ఆ చుట్టుపక్కలదే అయితే మన చదువు సరైన దారిలో ఉందన్నమాట. మామూలు సిపాయిలను చాలావరకు ఆ ప్రాంతంనుంచే తీసుకునేవారు.

ఈ నంబర్ల పద్ధతి చాలా ఉపయోగపడుతుంది. 1871లో జర్మనీ ఏకమయ్యాక దాదాపు అన్ని రాజ్యాల రెజిమెంట్లూ ఒకే వరుసలో ఉన్నాయి. 100నుంచి 108వరకు సాక్సనీవి, 109నుంచి 114వరకు బాడెన్‌వి, 119నుంచి 127వరకు వ్యుర్టెంబెర్గ్‌వి. ఒక్క బవేరియా మాత్రం తన సైన్యానికి తన లెక్కే ఉంచుకుంది. అందుచేత ఉత్త '5వ పదాతి రెజిమెంటు' అని ఉంటే, అది బవేరియాదో ప్రష్యాదో తేలేవరకు ముందుకు కదలరాదు.

కంపెనీ అంకెను కూడా పరీక్షించవచ్చు. ఆ రోజుల్లో ఒక పదాతి రెజిమెంటుకు మూడు బెటాలియన్లు, బెటాలియనుకు నాలుగు కంపెనీలు ఉండేవి. 1నుంచి 4వరకు మొదటిదానివి, 5నుంచి 8వరకు రెండోదానివి, 9నుంచి 12వరకు మూడోదానివి. మన ఏడో కంపెనీ రెండో బెటాలియనుది. వేరే కాగితంలో మొదటి బెటాలియను అని ఉంటే రెండిట్లో ఒకటి తప్పు. ఇంకో సంగతి. 1870 నాటికి ఇలాంటి రెజిమెంట్లలో మొదటి రెండు బెటాలియన్ల సిపాయిని మస్కెటీర్ అనీ, మూడో బెటాలియను సిపాయిని ఫ్యూసిలీర్ అనీ పిలిచేవారు. ఏడో కంపెనీ ఫ్యూసిలీర్ కనిపిస్తే, ఆ అంకె ఏడు అవునో కాదో మళ్ళీ చూసుకోవాలి.

ఇక రెండో వరుస, 1870 ఆగస్టు 16, గెఫ్. ఆ తేదీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఫ్రాన్సులో మెట్స్ కోటకు పడమరగా వియోన్‌విల్, మార్స్-లా-తూర్ ఊళ్ళ దగ్గర ఆ రోజు ఘోరయుద్ధం జరిగింది. ప్రష్యావైపు సుమారు 16 వేలమంది చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. 64వ రెజిమెంటు ఉన్న మూడో సైనికదళం పొద్దుటినుంచీ ఆ మంటలోనే ఉంది. కాబట్టి గెఫ్. అంటే గెఫాలెన్ అని, ముత్తాత అమరుడని రాసేయాలనిపిస్తుంది. ఇంట్లో గోడమీద ఆ ఫొటో పక్కన దండ కూడా పడిపోతుంది.

కాని మూడో వరుస ఉందే! 71 ఎంట్ల్. త్స్. రెస్. అంటే 1871లో విడుదల చేసి రిజర్వుకు పంపారని. చచ్చిపోయినవాణ్ణి రిజర్వుకు పంపరు. గెఫ్. ఇక్కడ గెఫాంగెన్, పట్టుబడ్డాడు. యుద్ధమయ్యాక తిరిగి వచ్చాడు. ఆ వరుస చిరిగిపోయి ఉంటే ఏం చేస్తాం? ఊరి చర్చి పుస్తకంలో 1871 తర్వాత అదే తండ్రి పేరుతో బాప్తిస్మాలు ఉన్నాయేమో చూస్తాం. ముత్తాతను చంపేముందు పిల్లలు పుట్టిన తేదీలు చూసుకోవాలని ఈ పనిలో అనుభవమున్నవాళ్ళు అనేది ఇందుకే. చర్చి పుస్తకంలోనూ ఏమీ లేకపోతే, 1870-71 యుద్ధంలో ప్రష్యా ప్రభుత్వం అచ్చువేసిన నష్టాల జాబితాలున్నాయి. చాలా రెజిమెంట్లు తమ చరిత్రలను కూడా పుస్తకాలుగా వేసుకున్నాయి. అచ్చయినవి కాబట్టి పోట్స్‌డామ్ మంటలు వాటిని పూర్తిగా మింగలేకపోయాయి.

సంవత్సరాల లెక్క కూడా సరిపోవాలి. 1867 చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు నిండిన యువకుడు మూడేళ్ళు పటాలంలో, నాలుగేళ్ళు రిజర్వులో, ఆ తర్వాత ఐదేళ్ళు లాండ్‌వేర్ అనే రెండో శ్రేణి సైన్యంలో ఉండాలి. 1867 నవంబరులో చేరినవాడికి మూడేళ్ళు 1870 శరత్కాలంలో నిండుతాయి. ఈలోగా జూలైలో యుద్ధం వచ్చి అతన్ని ఆపేసింది. 1871లో విడుదల. అన్నీ కుదిరాయి. ఈ గడువులు తర్వాత మారాయి. 1893నుంచి పదాతి సిపాయికి రెండేళ్ళే, గుర్రపు దళానికి మాత్రం మూడేళ్ళు. అందుచేత ఏ కాలపు కాగితానికి ఆ కాలపు చట్టంతోనే లెక్కవేయాలి.

నాలుగో వరుస క్రీగ్స్‌డెంక్‌మ్యుంజె, అంటే యుద్ధ స్మారక పతకం. ఇది 1871లో పెట్టినది. పోరాడినవాళ్ళకు ఫ్రెంచివాళ్ళనుంచి పట్టుకున్న ఫిరంగుల కంచుతోనూ, పోరాడకుండా సేవ చేసినవాళ్ళకు ఉక్కుతోనూ చేసి ఇచ్చారు. రేకు డబ్బాలో పతకం ఇంకా ఉంటే కాస్త రుద్ది చూస్తే చాలు. కంచయితే మన చదువుకు సాక్షి దొరికినట్టే. ఉక్కయితే ఎక్కడో పొరపాటు పడ్డాం. ఆ పతకం తాతగారి అన్నది కావచ్చు, లేదా మన రెజిమెంటే తప్పు కావచ్చు.

ఇంకొక పతకం గురించి హెచ్చరిక. ఐరన్ క్రాస్ అని జగమెరిగిన ఇనుప శిలువను ప్రష్యా రాజు 1813లో స్థాపించాడు. దాన్ని మళ్ళీ 1870లోనూ, 1914లోనూ, 1939లోనూ కొత్తగా ప్రకటించారు. కాగితం మీద ఇ.కె. అన్న రెండక్షరాలే ఉంటే అది ఏ యుద్ధానిదో తెలియదు. మన దస్తావేజుల్లో సంవత్సరం పేరు 'ప్రమోదూత' అని మాత్రమే ఉంటే, అది ఏ అరవయ్యేళ్ళ చుట్టులోదో వేరే ఆధారంతో తేల్చుకున్నట్టే దీన్నీ తేల్చుకోవాలి.

డబ్బాలో ఇంకా ఏమున్నాయి?

అట్ట ఊడిన ఆ చిన్న పుస్తకం చాలాసార్లు మిలిటేర్‌పాస్ అయి ఉంటుంది. విడుదలైన సిపాయి చేతికిచ్చి పంపేది ఇదే. పుట్టిన తేది, ఊరు, వృత్తి, మతం, చేరిన రోజు, రెజిమెంటు, ఏ తుపాకీలో శిక్షణ పొందాడు, నడవడి ఎలాంటిది, ఏ శిక్షలు పడ్డాయి, ఏ యుద్ధాల్లో పాల్గొన్నాడు అన్నవన్నీ ఉంటాయి. సగం అచ్చు, సగం చేతిరాత. అచ్చువేసిన ప్రశ్న తెలిస్తే రాసిన జవాబును సగం ఊహించవచ్చు కాబట్టి కొత్తవాళ్ళు కురెంట్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బాలశిక్ష లేదు.

విచిత్రమైన సాక్షి ఇంకొకటి ఉంది, బీరు కూజా. 1914కు ముందు సేవ ముగించి ఇంటికి వెళ్ళే కుర్రవాళ్ళు జ్ఞాపకంగా రంగురంగుల బొమ్మలున్న మూత కూజా చేయించుకునేవారు. దానిమీద రెజిమెంటు, కంపెనీ, సంవత్సరాలు, కొనుక్కున్నవాడి పేరు ఉండేవి. చాలావాటిమీద అతనితో కలిసి పనిచేసిన సిపాయిల పేర్ల పట్టీ కూడా ఉండేది. కంపెనీ పట్టీ భాండాగారంలో కాలిపోయింది, దానిలో ఒక ముక్క వంటింటి అలమరలో నిలిచింది. దుమ్ము దులిపి పాత సామాన్లవాడికి ఇచ్చేసేముందు ఈ సంగతి గుర్తుంటే బాగుండును.

1930లనాటి ఆనెన్‌పాస్ అనే పుస్తకం కూడా డబ్బాలో ఉండవచ్చు. చక్కని లాటిన్ అక్షరాల్లో, ముద్రలతో, నాలుగైదు తరాల వంశవృక్షం తయారుగా ఉంటుంది. చదవడానికి కష్టమే లేదు. అది ఎందుకు పుట్టిందో మాత్రం మరిచిపోకూడదు. తాను 'ఆర్యుణ్ణి' అని, తన పూర్వీకుల్లో యూదులు లేరని నిరూపించుకోమని నాజీ ప్రభుత్వం జనాన్ని నిలబెట్టి అడిగిన రోజుల్లో నింపిన పుస్తకం అది. చర్చిల్లో పాత కురెంట్ చూసి హడావుడిగా ఎత్తిరాసినవి అందులో ఉన్నాయి. ఆ ఎత్తిరాతలో ఒకసారి పడ్డ తప్పు ముద్ర వేయించుకుని నిజంగా చెలామణీ అయింది. వీలైన చోట చర్చి పుస్తకానికి తిరిగి వెళ్ళవలసిందే.

చర్చి పుస్తకమంటే ఊరి చర్చిదే కానక్కరలేదు. ప్రష్యా సైన్యానికి సొంత పాదిరీలు ఉండేవారు. రెజిమెంట్లకూ, కోటలకూ విడిగా చర్చి పుస్తకాలు ఉండేవి. 18వ శతాబ్దపు సిపాయి పెళ్ళాడాలంటే అధికారి అనుమతి కావాలి. ఆ పెళ్ళీ, పిల్లల బాప్తిస్మాలూ ఊళ్ళో దొరకకపోతే పటాలం పుస్తకంలో దొరకవచ్చు.

1914-18 యుద్ధం సంగతికి వస్తే, ప్రష్యా నష్టాల జాబితాలు సుమారు 31 వేల పేజీలు అచ్చయ్యాయి. మొదట్లో రెజిమెంట్లవారీగా వేసినవి, శత్రువుకు సమాచారం అందుతుందని తర్వాత రెజిమెంటు పేరు తీసేసి పేర్ల అకారాది వరుసలో వేశారు. వంశచరిత్రలంటే ఇష్టమున్న వందలాది స్వచ్ఛంద కార్యకర్తలు వీటిని పేరు పేరునా కంప్యూటర్‌లోకి ఎక్కించారు, ఎనభై లక్షల పైచిలుకు పేర్లు. బవేరియా కాగితాలు మ్యూనిక్‌లో ఉండబట్టి పట్టీలతో సహా బతికాయి. అందుకే బవేరియా సిపాయి మునిమనుమడికి నెల నెలా వివరాలు దొరుకుతాయి, ప్రష్యా సిపాయి మునిమనుమడికి బీరు కూజాయే గతి.

ఈమధ్య యంత్రాలు కూడా కురెంట్ చదువుతున్నాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ పేజీ ఫొటో ఇస్తే అక్షరాలుగా మార్చి ఇస్తుంది. వేల పేజీలు ముందుంటే అది వరమే. అయితే అది చూసిన గీతల్ని చదువుతుందిగాని, 1871లో విడుదలైనవాడు 1870లో చచ్చిపోలేడన్న సంగతి దానంతట అది అడగదు. గెఫ్. అని ఉంటే గెఫ్. అనే ఇస్తుంది. మిగతాది ఇంటివాళ్ళ పని.

'ఓస్ట్‌ఇండియెన్'

18వ శతాబ్దపు జర్మన్ కుటుంబ కాగితాల్లో అప్పుడప్పుడు ఒక మాట కనబడి వెతికేవాళ్ళను నిలబెట్టేస్తుంది: ఇన్ ఓస్ట్‌ఇండియెన్, అంటే తూర్పు ఇండియాలో. కొడుకు సైన్యంలో చేరాడు, ఓస్ట్‌ఇండియెన్‌లో పోయాడు. ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఈ దారుల్లో ఒకటి మద్రాసుకు వస్తుంది. ఇంగ్లండు రాజు మూడో జార్జి జర్మనీలోని హానోవర్‌కు కూడా ప్రభువే. ఇక్కడ హైదర్ అలీతో, ఫ్రెంచివాళ్ళతో యుద్ధంలో ఈస్టిండియా కంపెనీకి సిపాయిలు చాలక, 1781లో హానోవర్‌లో రెండు రెజిమెంట్లు కూర్చారు. 1782నుంచి దాదాపు పదేళ్ళు అవి మద్రాసు ప్రాంతంలో ఉన్నాయి. 1783 జూన్‌లో కడలూరు దగ్గర జరిగిన పోరులో ఈ హానోవర్ సిపాయిలు ఉన్నారు. అవతల ఫ్రెంచి సేనలకు నాయకుడు ఎవరనుకున్నారు? 1757 బొబ్బిలి యుద్ధంతో తెలుగువాళ్ళందరికీ తెలిసిన బుస్సీయే. అప్పటికి ముసలివాడై, కీళ్ళనొప్పులతో మళ్ళీ మన తీరానికి వచ్చాడు. తుపాకి గుండ్లకన్నా ఎండా, జ్వరాలూ, విరేచనాలూ ఆ జర్మన్లను ఎక్కువగా తీసుకుపోయాయి. వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళలేదు.

రెండో దారి డచ్చివాళ్ళది. రెండు వందల ఏళ్ళలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆసియాకు పంపిన దాదాపు పది లక్షల మందిలో జర్మన్ ప్రాంతాల పేదవాళ్ళు లెక్కకు మిక్కిలి. అయితే వాళ్ళ 'ఓస్ట్‌ఇండియెన్' జావా కావచ్చు, సింహళం కావచ్చు, మచిలీపట్నమో భీమునిపట్నమో కూడా కావచ్చు. ఆ రెండు ఊళ్ళలోనూ డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి కాగితంలో ఆ ఒక్క మాట తప్ప ఏమీ లేకపోయినా, ఈ కంపెనీ గుమాస్తాల పుణ్యమా అని వెతకడానికి చోటుంది. ఓడ ఓడకూ పెట్టిన జీతాల పుస్తకాలు హేగ్‌లోని జాతీయ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. 1699నుంచి 1794వరకు ఏడు లక్షలకు పైగా నమోదులు ఉన్నాయి. మనిషి పేరు, ఊరు, ఏ ఓడ, ఏ ఉద్యోగం, ఎప్పుడు, ఎలా కంపెనీ కొలువు ముగిసింది అన్నవి వరుసగా ఉంటాయి. కాకపోతే జర్మన్ ఊరిపేరును డచ్చి గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. కాబట్టి వెతికేవాళ్ళు తమ ఊరిపేరును ముందు నాలుగైదు రకాలుగా పైకి పలికి చూసుకుని, ఆ తర్వాత జాబితా తెరుస్తారు.